పాయింట్లు కోస్తే ఎవరి బాకీ తీరింది? పోర్ట్స్‌మత్, సౌతాంప్టన్ కథ



ఈ వారం ఎపిసోడ్‌లో మా రూములో జరిగిన ఫుట్‌బాల్ గొడవ విన్నారు కదా. ఎవర్టన్‌కు పాయింట్లు కోయడం న్యాయమా కాదా అని మొదలైంది. చివరికి "నీ క్లబ్బు దొంగ", "కాదు, నీదే దొంగ" దాకా పోయింది. పొయ్యి మీద కూర మాడిపోయినా ఎవరూ లేవలేదు. రికార్డింగ్ టైము అయిపోయి, నేను చెప్పాలనుకున్న పాత కథ మిగిలిపోయింది. అది ఇక్కడ రాస్తున్నా. సెలవు రోజున తీరిగ్గా చదువుకోండి.

ఎపిసోడ్ విననివాళ్ల కోసం గొడవ ఏంటో రెండు ముక్కల్లో చెప్తా. అప్పటి ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ రూలు ప్రకారం ఒక క్లబ్బు మూడేళ్లలో 10.5 కోట్ల పౌండ్లకు మించి నష్టపోకూడదు. ఎవర్టన్ ఆ గీత దాటిందని 2023 నవంబరులో 10 పాయింట్లు కోశారు. అప్పీలు చేసుకుంటే 2024 ఫిబ్రవరిలో దాన్ని 6కు తగ్గించారు. ఏప్రిల్‌లో తర్వాతి లెక్కలు చూసి ఇంకో 2 కోశారు. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పోయాయి. మాంచెస్టర్ సిటీ మీద 2023 ఫిబ్రవరిలో వందకు పైగా ఆరోపణలు పెట్టారు. అవేవీ నిజం కాదని ఆ క్లబ్బు అంటోంది.

మా రూములో నిజామాబాద్ అన్న యునైటెడ్ మనిషి. కోనసీమ తమ్ముడు సిటీ జెర్సీ తప్ప వేరే చొక్కా వేయడు. "తప్పు చేసినోడికి శిక్ష పడాల్సిందే" అంటాడు అన్న. "లెక్కలు రాసింది ఓనరు, ఏడ్చేది అభిమానులా?" అంటాడు తమ్ముడు. ఇద్దరిదీ సగం సగం నిజమే. కానీ ఇద్దరూ ఒక ప్రశ్న అడగలేదు. క్లబ్బు కూలితే ఆ డబ్బు ఎగిరిపోయింది ఎవరికి? పాయింట్లు కోశాక వాళ్లకు తిరిగొచ్చిందా?

నాకు ఆ ప్రశ్న తట్టడానికి కారణం ఉంది. 2009లో నేను దుబాయ్‌లో షట్టరింగ్ పనిలో ఉన్నా. ఆర్థిక సంక్షోభం వచ్చి సైట్లు ఆగిపోయాయి. మా కంపెనీ, పేరు ఇప్పుడు అనవసరం, మూడు నెలల జీతం బాకీ పెట్టి మూతపడింది. ఆఫీసు ముందు నిలబడితే లోపలి మనిషి ఒకడు బయటికొచ్చి, "ముందు బ్యాంకు, తర్వాత మెటీరియల్ వాళ్లు, ఏమన్నా మిగిలితే మీరు" అన్నాడు. ఆ క్యూ ఎవరు కట్టారో మాకు తెలీదు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

అదే చలికాలంలో క్యాంపు టీవీ ముందు మలయాళీ చేట్టన్‌లు పోర్ట్స్‌మత్ అనే క్లబ్బు గురించి చెప్పుకునేవాళ్లు. ప్రీమియర్ లీగ్‌లో ఆడే వాళ్లకే జీతాలు టైముకు రావట్లేదట. "కోట్ల జీతగాళ్లకే రాకపోతే మనకేం వస్తాయి" అని నవ్వుకున్నాం. నవ్వయితే నవ్వాం గానీ, ఆ క్లబ్బు కథను నేను అప్పట్నుంచీ వదల్లేదు.

రెండు రేవులు

పోర్ట్స్‌మత్, సౌతాంప్టన్ రెండూ ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఉన్నాయి. మధ్య దూరం 30 కిలోమీటర్ల లోపే. పోర్ట్స్‌మత్ బ్రిటిష్ నేవీ ఊరు. సౌతాంప్టన్ ప్రయాణికుల ఓడలు, సరుకు ఓడల ఊరు. 1912 ఏప్రిల్ 10న టైటానిక్ బయల్దేరింది ఇక్కడి నుంచే. ఒకటి సర్కారు జీతాల రేవు, ఇంకొకటి వ్యాపారుల రేవు. రెండు ఊళ్లకూ పడదు.

పడకపోవడానికి పోర్ట్స్‌మత్ వాళ్లు ఒక కథ చెప్తారు. ఎప్పుడో తమ రేవులో కార్మికులు సమ్మె చేస్తుంటే సౌతాంప్టన్ నుంచి మనుషులొచ్చి ఆ పని చేసిపోయారని. ఆ సమ్మె జరిగినట్టు గట్టి ఆధారం ఏదీ దొరకలేదు. అయినా తాతల నుంచి మనవళ్ల దాకా అదే కథ నడుస్తోంది. మన దగ్గర పక్కూరితో పాత పగ ఎందుకు మొదలైందో ఎవరికీ తెలీకపోయినా పగ మాత్రం ఉంటుంది చూడండి, అట్లాంటిదే. ఒక కోచ్ ఆ పగలో ఇంకా నిప్పు పోశాడు. హ్యారీ రెడ్‌నాప్ 2004 నవంబరులో పోర్ట్స్‌మత్ వదిలి, డిసెంబరులో సౌతాంప్టన్‌కు పోయాడు, 2005 డిసెంబరులో మళ్లీ వెనక్కొచ్చాడు. రెండు ఊళ్లలోనూ తిట్లు తిన్నాడు.

ఈ రెండు క్లబ్బులూ ఇంచుమించు ఒకే టైములో దివాలా అంచుకు వచ్చాయి. రెండింటికీ పాయింట్లు కోశారు.

కోత రూలు ఎక్కడ పుట్టింది

దీనికి మూలం లెస్టర్ సిటీ. 2002లో కొత్త స్టేడియంలోకి మారింది, అదే ఏడాది అక్టోబరులో అడ్మినిస్ట్రేషన్‌లోకి పోయింది. అడ్మినిస్ట్రేషన్ అంటే అప్పులు కట్టలేని కంపెనీని ఓనరు చేతిలోంచి తీసి ఒక నిర్వాహకుడికి అప్పగించడం. ఆయన అప్పులవాళ్లతో బేరమాడి, పౌండుకు కొన్ని పెన్నీలు ఇచ్చి మిగతాది మాఫీ చేయించి, కంపెనీని బతికించే ప్రయత్నం చేస్తాడు. లెస్టర్ అట్లాగే బాకీల భారం దించుకుంది. తమాషా ఏంటంటే, ఆ సీజన్‌లోనే రెండో స్థానంలో నిలిచి 2003లో ప్రీమియర్ లీగ్‌కు ఎక్కేసింది.

మిగతా క్లబ్బులకు ఒళ్లు మండింది. "మేం బాకీలు కట్టుకుంటూ కింద ఉన్నాం, వీళ్లు ఎగ్గొట్టి పైకి పోయారు" అన్నారు. న్యాయమైన మాటే. అందుకే ఫుట్‌బాల్ లీగ్ 2004 నుంచి రూలు పెట్టింది. అడ్మినిస్ట్రేషన్‌లోకి పోతే 10 పాయింట్లు కోత. అదే ఏడాది డిసెంబరులో మొదటి దెబ్బ రెక్స్‌హామ్‌కు తగిలింది. ప్రీమియర్ లీగ్ తన రూలులో 9 పాయింట్లు పెట్టుకుంది.

ఇక్కడ ఒకటి గుర్తు పెట్టుకోండి. ఈ రూలు రాసింది క్లబ్బులు. వాళ్ల మనసులో ఉన్న బాధితులు కూడా క్లబ్బులే. పోటీలో అన్యాయం జరిగిందా అన్నది ఒక్కటే ఆ రూలు అడిగే ప్రశ్న. బాకీ ఎవరికి మిగిలిందన్నది దాని లెక్కలో లేదు.

ఇంకో తమాషా. 2003లో లెస్టర్ కంటే పైన నిలిచి, మొదటి స్థానంతో ప్రీమియర్ లీగ్‌కు ఎక్కింది పోర్ట్స్‌మత్. ఏడేళ్ల తర్వాత ప్రీమియర్ లీగ్‌లో ఉండగా అడ్మినిస్ట్రేషన్‌లోకి పోయిన మొట్టమొదటి క్లబ్బూ అదే.

కప్పు కొన్న ఊరు

పోర్ట్స్‌మత్ గ్రౌండ్ ఫ్రాటన్ పార్క్. పాతకాలపు స్టేడియం, 20 వేల చిల్లర మంది పడతారు. అంత చిన్న గేటు ఆదాయం మీద డెఫో, క్రౌచ్, కాంబెల్, డయారా, ముంతారీ లాంటి వాళ్లను పోషించడం అయ్యే పని కాదు. 2006లో వచ్చిన ఓనరు అలెగ్జాండర్ గేడమాక్ డబ్బు, అప్పులు కలిసి దాన్ని నడిపించాయి. 2008లో ఎఫ్ఏ కప్పు గెలిచారు. ఫైనల్‌లో కార్డిఫ్ మీద కాను గోలుతో 1-0. అంతకుముందు క్వార్టర్ ఫైనల్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్‌కు పోయి యునైటెడ్‌ను 1-0తో ఓడించారు. ఇది చెప్పగానే మా నిజామాబాద్ అన్న మంచం మీంచి లేచి, "అయితే అది మా కప్పు!" అన్నాడు.

ఆయన అరుపులో నవ్వు ఉంది, నిజమూ ఉంది. తాహతుకు మించి జీతాలిచ్చి పోగేసిన జట్టు ఇంకొకడి అవకాశం తీసుకుంటుంది. ఆ కప్పును ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

2008 చివర్లో సంక్షోభం రాగానే డబ్బు ధార ఆగింది. ఆటగాళ్లను ఒక్కొక్కరిగా అమ్మారు. 2009-10 సీజన్ ఒక్కదాంట్లోనే క్లబ్బు నలుగురు ఓనర్లను చూసింది. గేడమాక్ నుంచి ఎమిరేట్స్‌కు చెందిన సులేమాన్ అల్ ఫహీమ్ చేతికి వచ్చింది. కొన్ని వారాలకే సౌదీకి చెందిన అలీ అల్ ఫరాజ్‌కు పోయింది. అప్పిచ్చిన బల్‌రామ్ చైన్‌రాయ్ చివరికి దాన్ని తన చేతిలోకి తీసుకున్నాడు. అల్ ఫరాజ్ గ్రౌండు వైపు కనపడకపోయేసరికి అభిమానులు ఆయనకు "అల్ మిరాజ్" అని పేరు పెట్టారు. అంటే ఎండమావి. ఎడారిలో పనిచేసే మనకు ఆ జోకు విడమర్చి చెప్పక్కర్లేదు.

జీతాలు ఆలస్యమయ్యాయి, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. పన్ను బాకీ పేరుకుంది. క్లబ్బును మూసేయమని పన్నుల శాఖ కోర్టుకెక్కింది.

2010 ఫిబ్రవరి 13

ఈలోపు సౌతాంప్టన్ ముందే మునిగింది. 2009 ఏప్రిల్‌లో దాని మాతృ కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి పోయింది. "మునిగింది కంపెనీ, క్లబ్బు కాదు" అని వాదించారు. రెండూ ఒకటేనని లీగ్ తేల్చింది. ఆ సీజన్‌లో ఎలాగూ కింది డివిజన్‌కు పడిపోయారు కాబట్టి, కోత తర్వాతి సీజన్‌కు మార్చారు. 2009-10ని మూడో అంచెలో మైనస్ 10తో మొదలుపెట్టారు. మార్కస్ లీబర్ అనే వ్యాపారవేత్త 2009 జులైలో కొనడంతో ఊపిరి వచ్చింది. ఆ సీజన్ 73 పాయింట్లతో ఏడో స్థానంలో ముగించారు. ఆ 10 పాయింట్లు ఉండి ఉంటే 83తో ప్లేఆఫ్‌లో ఆడేవాళ్లు. పాత ఓనర్ల తప్పుకు కొత్త ఓనరు, కొత్త జట్టు, పాత అభిమానులు ఒక ఏడాది కట్టారు.

సరిగ్గా ఆ సీజన్ మధ్యలో, 2010 ఫిబ్రవరి 13న, ఎఫ్ఏ కప్పులో ఈ రెండు క్లబ్బులూ ఎదురుపడ్డాయి. ఒకటి మైనస్ 10తో పాకుతున్న క్లబ్బు. ఇంకొకటి మూడు రోజుల ముందే కోర్టు దగ్గర వారం గడువు తెచ్చుకున్న క్లబ్బు. సౌతాంప్టన్ గ్రౌండులోనే పోర్ట్స్‌మత్ 4-1తో గెలిచింది. పోర్ట్స్‌మత్ వాళ్లకు అది పండగ. 13 రోజుల తర్వాత, ఫిబ్రవరి 26న, వాళ్ల క్లబ్బు అడ్మినిస్ట్రేషన్‌లోకి పోయింది.

మార్చిలో 85 మంది ఉద్యోగులను తీసేశారు. వాళ్లెవరూ గోలు కొట్టేవాళ్లు కాదు. ఆఫీసు, దుకాణం, గ్రౌండు పనుల మనుషులు. 9 పాయింట్లు కోశారు. ఏప్రిల్‌లో టోటెన్‌హామ్‌ను, అదే రెడ్‌నాప్ నడిపిస్తున్న జట్టును, ఓడించి మళ్లీ ఎఫ్ఏ కప్పు ఫైనల్‌కు చేరారు. మే 15న చెల్సీ చేతిలో 1-0తో ఓడారు. లీగ్‌లో 19 పాయింట్లతో ఆఖరి స్థానం.

ఇక్కడ ఒక చిన్న కూడిక చేయండి. 19కి 9 కలిపితే 28. వాళ్ల పైనున్న హల్, బర్న్‌లీలకు చెరో 30 ఉన్నాయి. అంటే ఆ 9 పాయింట్ల కోత ఏమీ మార్చలేదు. కోయకపోయినా ఆఖరి స్థానమే.

క్యూ ఎవరు కట్టారు

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నా. క్లబ్బు బాకీల మొత్తం 10 కోట్ల పౌండ్లు దాటింది. బాకీదారుల జాబితాలో బ్యాంకులు, పాత ఓనర్లు, పన్నుల శాఖ ఉన్నారు. ఊళ్లో చిన్న వ్యాపారులున్నారు. గ్రౌండులో దెబ్బలు తగిలినవాళ్లకు ప్రథమ చికిత్స చేసే వాలంటీర్ల సంస్థ, సెయింట్ జాన్ అంబులెన్స్ కూడా ఉంది. దానికి సుమారు 2,700 పౌండ్లు రావాలి.

ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో ఒక పాత రూలు ఉంది. క్లబ్బు మునిగితే, ఆటగాళ్ల జీతాలు, వేరే క్లబ్బులకు ఇవ్వాల్సిన బదిలీ సొమ్ము పైసాతో సహా కట్టాలి. కట్టకపోతే లీగ్‌లో చోటు ఉండదు. మిగతా వాళ్లకు ఎంత మిగిలితే అంత. పోర్ట్స్‌మత్ విషయంలో 2010 జూన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం, తాకట్టు లేని సాధారణ బాకీదారులకు చూపించింది పౌండుకు 20 పెన్నీలు. మన లెక్కలో రూపాయికి 20 పైసలు.

క్లబ్బులు దీనికి ఒక కారణం చెప్తాయి. ఒక క్లబ్బు ఇంకో క్లబ్బుకు వాయిదాల్లో కట్టాలి. ఒకడు ఎగ్గొడితే రెండోవాడు పడతాడు, రెండోవాడితో మూడోవాడు. గొలుసు తెగకుండా కాపాడుతున్నాం అంటారు. అందులో నిజం లేకపోలేదు. కానీ ఊళ్లో సరుకు వేసిన వ్యాపారికి కూడా గొలుసు ఉంటుంది కదా. ఆయన కింద పనివాళ్లుంటారు, వాళ్లకు ఇంటి అద్దె ఉంటుంది. ఆ గొలుసు గురించి లీగ్ గదిలో మాట్లాడేవాడు లేడు.

పన్నుల శాఖ కోర్టుకు పోయింది. 2010 ఆగస్టులో పోర్ట్స్‌మత్ ఒప్పందం మీద ఓడింది. తర్వాత ఏకంగా ఫుట్‌బాల్ లీగ్ రూలు మీదే కేసు వేసి, 2012 మేలో అదీ ఓడింది. లీగ్ వైపు తీర్పు ఇచ్చిన జడ్జి కూడా దీన్ని ఆ రూలుకు మెచ్చుకోలుగా తీసుకోవద్దని హెచ్చరించారు.

ఇది చదివినప్పుడు నాకు 2009లో మా ఆఫీసు ముందు విన్న మాటే గుర్తొచ్చింది. కంపెనీ మునిగాక ఎవరికి ఎంత అని తేలుస్తారనుకుంటాం. కాదన్నా. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మునగడానికి చాలా ముందే రాసి ఉంటుంది. రాసిన గదిలో కూర్చున్నోడు ముందుంటాడు.

రెండోసారి

పోర్ట్స్‌మత్ కథ అక్కడ ఆగలేదు. కొత్త ఓనరు వ్లాదిమిర్ ఆంటనోవ్ కంపెనీ 2011 నవంబరులో కూలింది. 2012 ఫిబ్రవరిలో క్లబ్బు రెండోసారి అడ్మినిస్ట్రేషన్‌లోకి పోయింది. ఈసారి 10 పాయింట్లు.

ఏప్రిల్ 7న సౌతాంప్టన్ గ్రౌండులో డెర్బీ. సౌతాంప్టన్ ప్రీమియర్ లీగ్‌కు ఎక్కుతోంది, పోర్ట్స్‌మత్ దిగుతోంది. ఆట అయిపోవచ్చిందనగా, అదనపు నిమిషాల్లో, డేవిడ్ నోరిస్ కొట్టిన గోలుతో 2-2. ఆ సీజన్‌లో సౌతాంప్టన్ 88 పాయింట్లతో రెండో స్థానం, రెడింగ్ 89తో మొదటి స్థానం. పక్కోడి టైటిల్ చెడగొట్టామని పోర్ట్స్‌మత్ వాళ్లు ఇప్పటికీ మురిసిపోతారు.

కానీ వాళ్ల సొంత లెక్క చూడండి. 40 పాయింట్లతో కింది డివిజన్‌కు పడిపోయారు. ఆ 10 ఉండుంటే 50. అంచున బతికిపోయిన బార్న్స్‌లీకి 48. అంటే ఈసారి కోతే వాళ్లను ముంచింది. 2010లో బరువులేని శిక్ష, 2012లో మెడ విరిచిన శిక్ష. రెండుసార్లూ తప్పు ఒకటే, జాతి ఒకటే. దెబ్బ మాత్రం ఆ రోజు టేబుల్లో ఎక్కడున్నావన్న దాన్ని బట్టి పడింది.

ఆ తర్వాత అభిమానులు దిగారు. ఒక్కో వాటా 1,000 పౌండ్లు. 2,000 మందికి పైగా జేబులోంచి తీశారు. 2013 ఏప్రిల్‌లో అభిమానుల ట్రస్టు క్లబ్బును కొనేసింది. కొన్న వెంటనే లీగ్ ఏం చేసిందో తెలుసా? ఇంకో 10 పాయింట్లు కోసింది. మొత్తం లెక్క 9, 10, 10. మునిగిన ఇంటిని చందాలేసుకుని కొన్నవాళ్ల నెత్తిన పాత ఓనరు జరిమానా.

క్లబ్బు నాలుగో అంచెకు జారింది. అక్కడ కూడా ఫ్రాటన్ పార్క్‌కు సగటున 15 వేలకు పైగా వచ్చారు. 2014 సెప్టెంబరులో పాత అప్పులన్నీ తీరాయని ప్రకటించారు. 2017లో నాలుగో అంచె టైటిల్ ఆఖరి రోజున గెలిచారు. అదే ఏడాది ట్రస్టు సభ్యులు ఓటేసి, డిస్నీ మాజీ అధిపతి మైఖేల్ ఐస్నర్‌కు 56.7 లక్షల పౌండ్లకు క్లబ్బు అమ్మారు. 2024లో మూడో అంచె కూడా గెలిచారు. 2025లో సౌతాంప్టన్ ప్రీమియర్ లీగ్ నుంచి దిగడంతో, 13 ఏళ్ల తర్వాత రెండూ మళ్లీ ఒకే డివిజన్‌లోకి వచ్చాయి.

మరి న్యాయమైన శిక్ష ఏది?

శిక్ష రెండు బాకీలు తీర్చాలి. ఒకటి పోటీలో మోసపోయిన క్లబ్బుల బాకీ. ఇంకొకటి చేసిన పనికి, వేసిన సరుకుకు డబ్బు రానివాళ్ల బాకీ. పాయింట్ల కోత మొదటిదాన్ని కొంత తీరుస్తుంది. రెండోదానికి ఒక్క పెన్నీ కూడా తీసుకురాదు. ఇన్నేళ్ల గొడవలో అభిమానులు వాదించుకున్నది దాదాపు మొదటిదాని గురించే.

రూలు మారడానికి టైము పట్టింది, కానీ మారింది. 2015 నుంచి కింది డివిజన్లలో అడ్మినిస్ట్రేషన్‌కు 12 పాయింట్లు కోస్తున్నారు. దాంతో పాటు ఇంకో షరతు పెట్టారు. సాధారణ బాకీదారులకు పౌండుకు కనీసం 25 పెన్నీలు వెంటనే ఇవ్వాలి, లేదా మూడేళ్లలో 35 పెన్నీలు ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాతి సీజన్‌లో ఇంకో 15 పాయింట్లు పోతాయి. 25 పెన్నీలు గొప్ప న్యాయమేమీ కాదు. కానీ తేడా చూడండి. ఇంతకుముందు పాయింట్లు కోసి చేతులు దులుపుకునేవాళ్లు. ఇప్పుడు అదే కోతను బాకీ కట్టించే కర్రగా వాడుతున్నారు. 2025 జులైలో బ్రిటన్ పార్లమెంటు ఫుట్‌బాల్‌కు స్వతంత్ర నియంత్రణ సంస్థను పెడుతూ చట్టం కూడా చేసింది. ఓనరు ఎవరు, డబ్బు ఎక్కడిది అని ముందే అడిగే అధికారం దానికి ఇచ్చారు. మునిగాక కొట్టడం కంటే, మునగకముందే లెక్క అడగడం మేలు కదా.

ఈ కథంతా చెప్పాక మా రూములో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కోనసీమ తమ్ముడు అడిగాడు, "అన్నా, మరి నీ మూడు నెలల జీతం వచ్చిందా?"

రాలేదు. ఊరికి పోవడానికి టికెట్ ఇచ్చారు, కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఖల్లివల్లి అనుకుని వచ్చేశా. అప్పుడు తెలియనిది ఇప్పుడు తెలుసు కాబట్టి మీకు ఒక్కటి చెప్తా. జీతం ఒక నెల ఆగిందంటే ఆ నెలే అడగండి. కాగితాలు ఫోటో తీసి దాచుకోండి. కంపెనీ నడుస్తున్నప్పుడు అడిగినోడికి ఒక దారుంటుంది. మునిగాక అడిగితే క్యూలో ఎక్కడున్నావో చెప్తారంతే.

నిజామాబాద్ అన్న మాత్రం ఇంకా ఆ 2008 కప్పు వదల్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ఆయన వాదన పూర్తిగా వింటాం. మీ కంపెనీ మూతపడి బాకీ వచ్చిన వాళ్లెవరైనా ఉంటే, ఎట్లా వచ్చిందో వాయిస్ మెసేజ్ పెట్టండి. కంపెనీ పేరు వద్దు. దారి చెప్పండి చాలు, పదిమందికి పనికొస్తుంది.